పడ్డాక ఫోర్కు విరిగిందా, ఫోర్కు విరిగి పడ్డారా?

మీ బండి – మా జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజీలు చూస్తే సగానికి సగం గుద్దుకున్న బళ్ళ గొడవే. మైలేజీ గురించి, బ్యాటరీ గురించి అడిగినోళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెలకి పెట్టాను. ఈసారి మొత్తం ఛాసీలు (బండి అస్థిపంజరం), ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే జంట పైపులు) పంచాయితీయే.

ప్రశ్న: మేస్త్రీ గారూ నమస్తే. మా తమ్ముడు కాశీనగరం నుంచి పర్లాకిమిడి వస్తుంటే చీకటి పడే వేళ గేదె అడ్డం వచ్చింది, గుద్దేసి పడ్డాడు, భుజం ఎముక విరిగింది, ఇప్పుడు పర్లేదు. బండికి ముందు కుడివైపు ఫోర్కు పైపు టీ (రెండు పైపుల్నీ పైన కలిపి పట్టుకునే బిగింపు) కిందన తెగిపోయింది, ఎడమది వెనక్కి వంగిపోయింది. వాడేమో ఫోర్కే ముందు విరిగింది, అందుకే కంట్రోల్ తప్పింది అంటన్నాడు. మా మావయ్య కంపెనీ మీద కేసు వేద్దాం అంటన్నాడు. షోరూమ్‌కెళ్తే గుద్దితే విరగదా ఏటి అని నవ్వేరు. ఎవరి మాట నిజం? బండి నాలుగేళ్ళది, వాడు దాని మీద పాల క్యాన్లు వేస్తాడు. – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: బాబూ, కేసు సంగతి తర్వాత, ముందు ఆ తెగిన చోటుని ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు. కిరోసిన్‌తో కడగడం, వైర్ బ్రష్ కొట్టడం, రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనించి సరిగ్గా కూర్చుంటాయా లేదా అని చూడటం, ఇవేవీ వద్దు. అందరూ చేసేది సరిగ్గా ఆ ఆఖరి పనే, దాంతో సాక్ష్యం అరిగిపోద్ది. పగటి వెలుతురులో దగ్గరగా నాలుగు ఫోటోలు తీసి, తుప్పు పట్టకుండా రెండు చుక్కల ఇంజినాయిల్ రాసి, పాలిథిన్ కవర్ చుట్టి పెట్టండి.

ఇప్పుడు ఆ తెగిన ముఖం ఎలా చదవాలో చెప్తాను. ఒక్క దెబ్బకి తెగిన ఉక్కు పైపు ముఖం అంతా ఒకే రంగులో ఉంటది, బూడిద రంగు, గరుగ్గా, వేలు పెడితే గీరుకుంటాది, అంచుల్లో ఏటవాలుగా చీలినట్టు ఒక పెదవి లేస్తాది, పైపు కూడా తెగిన చోట గుండ్రం పోయి కోడిగుడ్డులా నొక్కుకుపోయి ఉంటది. పాత పగులైతే అలా కాదు. ముఖంలో రెండు భాగాలు కనిపిస్తాయి, ఒకటి నున్నగా, కొంచెం నల్లగానో తుప్పు రంగులోనో ఉంటది, దాని మీద గోపాలపురం బీచిలో అల వెనక్కెళ్ళాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా వంపు వంపుగా సన్న గీతలుంటాయి, అవన్నీ ఒక మూల నుంచి మొదలవుతాయి, ఆ మూలే పగులు పుట్టిన చోటు. మిగతా భాగం కొత్తగా, గరుగ్గా ఉంటది, అది ఆఖర్న తెగిన భాగం. నున్నటి భాగం పెద్దగా ఉందంటే చాలామటుకు ఆ పైపు చాన్నాళ్ళు పగులుతోనే తిరిగిందని. నెలల తరబడి గుంతల్లో పడి లేచి పడి లేచి ఆ పగులు కొంచెం కొంచెం జరుగుతూ పోతాది, పైన క్రోమ్ ఉంటాది, టీ కప్పేసి ఉంటాది కాబట్టి బయటికి కనపడదు.

రెండో గుర్తు ఇంకా సులువు. మీ ఎడమ పైపు వెనక్కి వంగింది అన్నారు కదా, మరి తెగిన కుడి పైపు ముక్క కూడా తెగిన చోట అలాగే వంగి ఉందా, లేక నిటారుగా ఉండి పుటుక్కున తెగినట్టుందా? రెంటికీ కింద ఒకటే ఇరుసు, ఒకటే చక్రం, పైన ఒకటే టీ, దెబ్బ రెంటి మీదా కలిసే పడతాది. కుడిది కూడా బాగా వంగి ఆ తర్వాత చిరిగి ఉంటే అది గేదె పనే. ఎడమది 20 డిగ్రీలు వంగి, కుడిది అసలు వంగకుండా తెగితే మాత్రం దానికి ముందే రోగం ఉన్నట్టు, మంచి ఉక్కు వంగకుండా తెగదు.

అసలు టీ కిందనే ఎందుకు తెగింది అంటే అక్కడే తెగాలి కాబట్టి. ముందు చక్రం దేనికైనా తగిలితే ఆ తోపు ఇరుసు మీద వెనక్కి పడతాది, ఇరుసు నుంచి కింద టీ దాకా అరమీటరు అటూ ఇటూ ఉంటాది, అంతా లివరే. ఆ లివర్ మొత్తం బలం వచ్చి టీ కింది అంచు దగ్గర పడతాది, పైన టీ బిగించి పట్టుకునుంది కాబట్టి అక్కడ కదలడానికి లేదు. అందుకే ఎదురుగా గుద్దిన ఏ బండి చూసినా వంపు కింద టీకి రెండు మూడు వేళ్ళ కిందే ఉంటాది. అది వంగి వంగి చక్రం వచ్చి సైలెన్సర్ బెండుకో ఇంజినుకో తగిలాకా, ఇంకా తోపు మిగిలుంటే అప్పుడు హెడ్ పైపు, అదే హ్యాండిల్ తిరిగే ఛాసీ మెడ, వెనక్కి వాలతాది, దాని వెనకున్న పైపు, ఇంజిను ముందు నుంచి కిందకి దిగే డౌన్ పైపు ముడత పడతాయి. ఈ వరస దాదాపు మారదు, ముందు టైరు, రిమ్ము, తర్వాత ఫోర్కు, తర్వాత మెడ.

కంపెనీ మీద కేసు అన్నారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున హ్యారీ హర్ట్ అనే ఆయన, ఆయన మనుషులు లాస్ ఏంజెలెస్‌లో యాక్సిడెంట్ అయిన చోటికే పోయి 900 బైకు ప్రమాదాలు చూసి 1981లో రిపోర్టు ఇచ్చారు. అందులో బండి పాడై జరిగిన ప్రమాదాలు 3 శాతం కూడా లేవు, ఆ కొంచెంలో కూడా ఎక్కువ టైరు పంక్చరై అదుపు తప్పినవే. అక్కడి రోడ్లూ మన రోడ్లూ ఒకటి కావు, అక్కడ పాల క్యాన్లు వేయరు, నిజమే. కానీ ఫోర్కు దానంతటది విరిగి మనిషి పడటం అనేది అరుదు, ఇది నా షెడ్డులో చూసిన మాట కూడా.

క్యాన్ల మాటకొస్తే అవి వెనక ఉంటాయి కాబట్టి ఫోర్కు మీద భారం పెద్దగా పడదు, ఇంకా ముందు తేలికవుతాది. క్యాన్లు తినేది వెనక షాకప్పులు ఛాసీకి తగిలించే చోటు, సీటు కింది పైపు వెల్డింగు. తమ్ముడితో సీటు విప్పించి అక్కడ ఒకసారి చూడమనండి, ఈ గొడవలో అది ఎవరూ చూసుండరు. ఇంకొకటి, మీ ఉత్తరంలో రాయలేదు, ఈ నాలుగేళ్ళలో ఇంతకు ముందు ఎప్పుడైనా పడి ఫోర్కు సాఫు, అంటే వంపు తీసి నిటారు, చేయించాడేమో వాణ్ణి మెల్లిగా అడగండి, కొట్టకుండా. ఎందుకో కింది ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: అన్నా, నా బండి ఫోర్కు వంగింది. కొత్త పైపులు జతకి చెప్పిన రేటు విని గుండె ఆగింది. గుణుపురంలో లేత్ పెట్టుకున్నాయన ప్రెస్సులో పెట్టి సాఫు చేసేస్తా, ఎవడూ కనిపెట్టలేడు అంటున్నాడు. చేయించొచ్చా? – గుణుపురం

జవాబు: కనిపెట్టలేడు అన్నది నిజమే, అదే కదా భయం తమ్ముడూ.

ఉక్కు ఒకసారి సాగే దాకా వంగితే ఆ చోట గట్టిపడిపోతాది, గట్టిపడిందంటే మంచిదని కాదు, ఇంక సాగే గుణం తగ్గిపోయిందని. దాన్ని చల్లగా ఉండగానే వెనక్కి నెడితే అదే చోట రెండోసారి సాగదీసినట్టు. పైన ఉన్న హార్డ్ క్రోమ్ ఉంటాది చూడండి, అది ఉక్కు కంటే గట్టిది, అసలు సాగదు, వంపు దగ్గర వెంట్రుకంత సన్నగా చిట్లిపోతాది. ఆ చిట్లిన చోట్లోంచి వాన నీళ్ళు దిగి తుప్పు, తుప్పు గుంత నుంచి పగులు. ముందు ప్రశ్నలో చెప్పిన పాత పగులు పుట్టే తావుల్లో ఇదొకటి. వేడి పెట్టి సాఫు చేస్తే ఇంకా దారుణం, గ్యాసు మంట పెడితే ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం పోయి ఆ పైపు మెత్తబడతాది, మళ్ళీ మొదటి గుంతకే వంగుతాది.

బాగా కొంచెం వంగిన పైపుని కొందరు మంచి పనివాళ్ళు ప్రెస్సు మీద డయల్ గేజీ పెట్టి సరిచేస్తారు, నేను కాదనను, కానీ అది ఎవరూ కంటికి పట్టలేని వంపు. సర్వీసు మాన్యువళ్ళలో ఫోర్కు పైపు వంపుకి మామూలుగా ఇచ్చే హద్దు 0.2 మిల్లీమీటర్లు, అది దాటితే మార్చేయమని. కంటికి కనపడిందంటే దానికి ఎన్నో రెట్లు దాటేసినట్టే. ఇంట్లో చూడాలంటే పైపు విప్పించి శుభ్రంగా తుడిచి, షాపు కౌంటరు అద్దం ఉంటాది కదా, మందపాటి అద్దం, దాని మీద పెట్టి మెల్లిగా దొర్లించండి. ఒక దగ్గర ఆగిపోయి మళ్ళీ దొర్లుతోందంటే వంపు ఉన్నట్టే, వెనకాల టార్చి పెడితే పైపుకీ అద్దానికీ మధ్య వెలుతురు సందు కదుల్తూ కనపడతాది, ఆ సందులో ఫీలర్ గేజీ (సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట) 0.2 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే చాలు, ఇక లేత్ ఆయన మాట వినకండి.

ఒకటే వంగింది, ఒకటే మారుస్తా అంటే కూడా రెండోది అద్దం మీద దొర్లించి చూశాకే. ఆయిల్ సీళ్ళు, ఫోర్కు ఆయిలు మాత్రం రెండు వైపులా కొత్తవి వెయ్యండి. కింద టీ కూడా విప్పి చూడండి, పైపుతో పాటు టీ కూడా మెలితిరిగి ఉంటాది చాలాసార్లు, కొత్త పైపులు తెచ్చి వంకర టీలో దూర్చి బండి పక్కకి లాగుతోందని మళ్ళీ వస్తారు జనం.

ప్రశ్న: నమస్కారమండీ. నేను బరంపురంలో టీచర్‌ని. మావారు హైవే మీద డివైడర్‌కి తగిలించారు, స్పీడు తక్కువే, పెద్దగా దెబ్బలు లేవు. బండికి బయటికి ఏమీ కనపడటం లేదు కానీ హ్యాండిల్ కొంచెం ఎడమకి పెడితేనే బండి నేరుగా వెళ్తోందట. ఛాసీ పోయిందని ఒకాయన, ఏమీ కాలేదని ఇంకొకాయన. మాకు తెలిసేలా మేమే చూసుకునే మార్గం ఉందా? ఇన్సూరెన్స్ ఉంది. – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఉందమ్మా. కానీ ముందు ఇన్సూరెన్స్ మాట. బండి విప్పించకండి, కంపెనీకి చెప్పి సర్వేయర్ వచ్చి చూశాకే విప్పాలి, విప్పేశాక వస్తే ఇది పాత దెబ్బ అంటారు. మీది థర్డ్ పార్టీ ఒక్కటే అయితే మీ బండి రిపేరుకి పైసా రాదు, ఓన్ డ్యామేజీ కూడా ఉండాలి, పాలసీ కాగితం తీసి చూడండి. అది ఉన్నా రబ్బరు, ప్లాస్టిక్ సామాను ఖర్చులో సగమే ఇస్తారు, ఇనప సామానుకి బండి వయసుని బట్టి కోత పడతాది.

ఇప్పుడు బండి. మీరు చెప్పినదాన్ని బట్టి అయితే అది ఛాసీ కాకపోయే అవకాశమే ఎక్కువ. చిన్న దెబ్బ ఓరగా తగిలినప్పుడు ఫోర్కు పైపులు వంగవు, టీల బిగింపులో కొంచెం జారి మెలితిరుగుతాయి అంతే, చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు చూస్తాయి. టీ బోల్టులు, ఇరుసు నట్టు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ సరిగ్గా తిప్పి, ముందు ఫోర్కుని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, మళ్ళీ కింద నుంచి పైకి బిగిస్తే సరిపోతాది, అరగంట పని, దీనికే ఛాసీ పోయిందని వేలు గుంజేవాళ్ళున్నారు.

దాంతో పోకపోతే దారం పరీక్ష. బండిని మెయిన్ స్టాండు వేసి, సన్న నైలాను దారం వెనక టైరుకి వెనక వైపు చుట్టి, రెండు కొసలూ చెరో పక్క నుంచి ముందుకి తెచ్చి, భూమికి జానెడు ఎత్తులో, వెనక టైరు ముందంచుకి సరిగ్గా ఆనేలా బిగువుగా లాగి పట్టుకోండి, మీరొక వైపు, మీవారొక వైపు. ముందు చక్రం నేరుగా పెడితే దారానికీ ముందు టైరుకీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి, వెనక టైరు కొంచెం వెడల్పు కాబట్టి సందు ఉండటం మామూలే, తేడా ఉండకూడదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే రెండు చక్రాలు ఒక గీత మీద లేవన్నమాట. చైను బిగించే గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, అవి తేడాగా ఉంటే వెనక చక్రమే వంకరగా కూర్చుంటాది, ఛాసీకి ఏ పాపం తెలీదు.

సర్వేయర్ వచ్చినప్పుడు ఆయన ముందే పెట్రోలు ట్యాంకు విప్పించి హెడ్ పైపు దగ్గర రంగు చూడండి. ఇది ముఖ్యం. హ్యాండిల్ గొట్టం ఛాసీకి కలిసే చోటు వెనక, కింద వైపు, వెల్డింగు పక్కనే. ఇనుము ముడత పడితే పైన రంగు దానితో పాటు సాగలేదు, గోరంత పెచ్చులుగా లేస్తాది, లేదంటే అడ్డంగా సన్న సన్న గీతలు పడతాయి, నెల గడిస్తే ఆ గీతల్లో తుప్పు ఎర్రగా కనపడతాది. వేలి గోరు అడ్డంగా గీస్తే గోరు ఆగుతాది. మెడ దగ్గర స్టీరింగ్ ఆగే చిన్న ఇనప మొట్ట ఉంటాది చూడండి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే అక్కడే ఆగాలి, అది నొక్కుకుపోయి హ్యాండిల్ వచ్చి ట్యాంకుకి తగుల్తుంటే చక్రం పక్కకి గట్టిగా కొట్టుకుందని అర్థం. ముందు చక్రం గాల్లో లేపి హ్యాండిల్ మెల్లిగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, సరిగ్గా నడిమధ్యలో టక్కున గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగు) గుండ్లు బాట మీద అచ్చులు వేసేశాయి, అది మార్చాలి, పెద్ద ఖర్చు కాదు.

ఇవన్నీ బాగుంటే మీవారిని నిశ్చింతగా నడపమనండి. రంగు చిట్లిన గీత ఒక్కటి కనపడ్డా ఆ బండి మీద పిల్లల్ని ఎక్కించకండి, సర్వేయర్‌కి అదే చోటు వేలు పెట్టి చూపించండి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో (బండికి కట్టిన విలువ) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు, ఛాసీ మార్చాల్సొస్తే పాత బళ్ళకి లెక్క అక్కడికే పోతాది చాలాసార్లు.

ప్రశ్న: సార్, మా బంధువు కుర్రాడు కారుని గుద్దాడు. బండి ముందు చక్రం ఇంజినుకి ఆనుకుపోయింది. బండి నుజ్జు చూస్తే 80 స్పీడు ఉందని కారాయన వాదన, కుర్రాడు 40 అంటాడు. వంగిన ఇనుమును చూసి స్పీడు చెప్పగలరా? నేను రిటైరైన ఫిట్టర్‌ని, కొంచెం లోతుగా చెప్పినా పర్లేదు. – సునాబెడ

జవాబు: చెప్పగలరు, కానీ కారాయన చెప్పలేడు.

దీనికొక విద్య ఉందండి. గుద్దినప్పుడు ఫోర్కు వెనక్కి వంగితే రెండు ఇరుసుల మధ్య దూరం తగ్గుతాది కదా, ఎంత తగ్గితే ఎంత వేగం అని 1970లో సెవెరీ, ఆయన తోటివాళ్ళు కాలిఫోర్నియాలో బైకుల్ని కార్లకి గుద్దించి కొలిచారు, వేగం పెరిగేకొద్దీ ఆ తగ్గుదల సుమారు సూటి గీతలా పెరుగుతోందని తేల్చారు. 2002లో ఇంకొందరు 17 బైకుల్ని వాహనాలకీ గోడకీ గుద్దించి ఆ లెక్కను ఇంకా సవరించారు, బైకు ఎంత కుదించుకుపోయిందో ఒక్కటే చూస్తే చాలదు, కారు డోరు ఎంత లోపలికి పోయిందో కూడా కలపాలి అని. మెత్తటి డోరు మధ్యలో తగిలితే డోరు తింటాది, చక్రం దగ్గర ఇరుసుకి తగిలితే బైకే తింటాది, అదే వేగానికి రెండు రకాల నుజ్జు. ఆగున్న కారా, కదిలే కారా అన్నది కూడా ఉంది, కదిలే కారైతే ముందు చక్రాన్ని పక్కకి ఈడ్చుకుపోతాది, ఒక పైపు ముందుకి, ఒకటి వెనక్కి మెలిపడి ఉంటాయి, అప్పుడు ఇరుసుల దూరం లెక్క సూటిగా పనికిరాదు.

మీ కేసులో ఇంకో చిక్కు, చక్రం ఇంజినుకి ఆనుకుపోయింది అంటున్నారు. అక్కడ దాకా ఫోర్కు ఒక్కటే వంగుతాది, అక్కడి నుంచి ఇంజినే అడ్డం, ఆ పైన వేగం ఎంత పెరిగినా దూరం అంత త్వరగా తగ్గదు. కాబట్టి ఇక ఛాసీ మెడ ఎంత వాలిందో చూడాలి. మెడ అసలు చెక్కుచెదరకపోతే 80 అన్నది నమ్మడం కష్టం. గుర్తుంచుకోవాల్సిందేంటంటే వేగం రెట్టింపైతే ఇనుము మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. 40లో గుద్దడం 6 మీటర్ల పైనుంచి పడ్డట్టైతే, 80లో గుద్దడం 25 మీటర్ల పైనుంచి పడ్డట్టు. ఆ రెండు బళ్ళు ఒకేలా ఉండవు, మీ అంత అనుభవమున్న ఫిట్టరు కంటితోనే తేడా చెప్పేయగలరు. టేపు తీసుకుని రెండు పక్కలా ఇరుసు నుంచి ఇరుసుకి కొలిచి, అదే మోడల్ మంచి బండికి కొలిచి రాసి పెట్టుకోండి, రేపు స్టేషన్‌లో ఆ కాగితం పనికొస్తాది. బండిని తుక్కుకి మాత్రం అప్పుడే ఇవ్వొద్దు.

ప్రశ్న: బావా, జయపురం నుంచి. క్రాష్ గార్డ్ లావుది వేయించాను, ఇంక ఛాసీకి ఢోకా లేదు కదా? – జయపురం

జవాబు: బావా అన్నావు కాబట్టి కోప్పడను. గార్డు కాళ్ళ కోసం, ఇంజిను కవరు కోసం, అదీ బండి పక్కకి ఒరిగి జారినప్పుడు. ఎదురు దెబ్బకి దానికీ ఛాసీకీ సంబంధమే లేదు, ముందు తగిలేది చక్రం. లావు గార్డు బిగించేది డౌన్ పైపుకే కదా, గార్డు వంగకపోతే ఆ దెబ్బంతా క్లాంపు ద్వారా డౌన్ పైపు తింటాది, గార్డు చెక్కుచెదరక ఛాసీ వంగిన బళ్ళున్నాయి. కంపెనీ ఇచ్చిన సన్న గార్డే మేలు. పొట్టంగి ఘాట్‌లో వంపుల్లో గ్రావెల్ మీద జారితే అది పనికొస్తాది, అంతవరకే.

ప్రశ్న: మా అమ్మాయి స్కూటీ ముందు ఆటోకి తగిలింది. స్కూటర్లకి ఛాసీ ఉంటుందా అసలు? – రాయగడ

జవాబు: ఉంటాదండీ, ప్లాస్టిక్ కింద దాక్కుంటాది. హ్యాండిల్ మెడ నుంచి ఒక లావు పైపు కాళ్ళు పెట్టే చోటుకి దిగుతాది, గట్టిగా తగిలితే ఆ పైపు మెడ కింద వంగుతాది. ముందు షీల్డుకీ ఫుట్‌బోర్డుకీ మధ్య సందు రెండు పక్కలా చూడండి, ఒక పక్క మూసుకుపోయి ఒక పక్క తెరుచుకుంటే ప్లాస్టిక్ విప్పించి లోపల చూడాల్సిందే. పాత మోడల్ స్కూటర్లలో ముందు టెలిస్కోపిక్ (ఒక గొట్టంలో ఇంకోటి జారే ఫోర్కు) కాకుండా లింకు సస్పెన్షన్ ఉంటాది, దాంట్లో వంగేది ఆ చిన్న లింకు చేతులు, వాటికి విడిగా సామాను దొరుకుతాది.

ప్రశ్న: నేను కోరాపుట్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కంపెనీలు అసలు వంగని ఫోర్కు ఎందుకు చేయవు? ఖర్చు తగ్గించుకోవడానికేనా? – కోరాపుట్

జవాబు: ఖర్చు ఒకటుంది, కాదనను, కానీ అదొక్కటే కాదు. వంగడం కూడా ఒక పనే తమ్ముడూ. కారుకి ముందు మీటరు పొడుగు బానెట్ ఉంటాది నుజ్జవడానికి, బైకుకి ఆ పనికి ఉన్నది ఇరుసుకీ ఇంజినుకీ మధ్య కొన్ని అంగుళాలే. ఫోర్కు వంగుతున్నంతసేపూ బండి వేగం కొంచెం కొంచెం తగ్గుతాది, అసలు వంగకపోతే ఆ దెబ్బంతా ఒక్క క్షణంలో మెడ మీద పడతాది, వెనక లేచి మనిషి ఇంకా గట్టిగా ఎగిరి పడతాడు. అలాగని మనిషిని అది కాపాడేస్తాదని కాదు, మనిషి సీటుకి కట్టి లేడు, బండి ఆగినా ఆయన ఆగడు, అందుకే హెల్మెట్టు గోల.

ఇక బలం కావాలంటే పైపు మందం కంటే వ్యాసం పెంచడం తెలివైన పని. గోడ మందం అంతే ఉంచితే వంపుని ఆపే బలం వ్యాసం వర్గంతో పెరుగుతాది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి పాతదానికి 35 మిల్లీమీటర్ల ఫోర్కు, 2021 మోడల్‌కి 41, అంటే గోడ మందం ఒకటే అనుకుంటే సుమారు 37 శాతం ఎక్కువ. కేటీఎం డ్యూక్‌కి 43, అదీ తలకిందుల ఫోర్కు, లావు గొట్టం పైన టీ దగ్గర, అంటే లివర్ ఎక్కువ పడే చోటే లావు. నీకిది పరీక్షలో కూడా పనికొస్తాది.

ఆయిలు డ్యాంపింగు ఉన్న టెలిస్కోపిక్ ఫోర్కుని అమ్మే బండికి మొదట పెట్టింది బీఎండబ్ల్యూ, 1935లో ఆర్12, ఆర్17 మీద. అప్పట్నుంచీ ఇంకా మంచిది చేద్దామని చూస్తూనే ఉన్నారు, బీఎండబ్ల్యూ వాళ్ళే 1993లో టెలిలీవర్ అని వేరే రకం ముందు సస్పెన్షన్ తెచ్చారు, యమహా జీటీఎస్ 1000 కూడా అదే ఏడాది వచ్చింది, దానికి ముందు ఫోర్కే లేదు, పక్కన ఒక చేయి లాంటిది. ఆ యమహా పెద్దగా అమ్ముడుపోలేదు. హోండా గోల్డ్‌వింగ్‌కి 2006లో ఎయిర్‌బ్యాగ్ పెట్టినప్పుడు గుద్దుడు కనిపెట్టే సెన్సార్లు ఎక్కడ పెట్టారంటే ముందు ఫోర్కు మీదే, నాలుగు. కబురు ముందు తెలిసేది దానికే కదా.

ప్రశ్న: మేస్త్రీ గారూ, విజయనగరంలో ఫైనాన్స్ వాళ్ళు ఈడ్చుకొచ్చిన బండి ఒకటి సగం రేటుకి వస్తోంది, ఏపీ నంబరు. చూడ్డానికి అద్దంలా ఉంది, కొత్త రంగు. మెడ దగ్గర వెల్డింగు చేశారు, గట్టిగా చేశారు లెండి, ఇంక వందేళ్ళు చూసుకోనక్కర్లేదు అంటున్నాడు అమ్మేవాడు. మల్కనగిరి దాకా నడుపుకుంటూ తెచ్చేద్దామనుకుంటున్నా. – ఒక పాఠకుడు, మల్కనగిరి

జవాబు: వందేళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాడంటే వాడు నడపడు కాబట్టి.

మెడ దగ్గర వెల్డింగు అంటే అక్కడ పగిలింది అనే కదా అర్థం. ఛాసీ పైపు గోడ పల్చగా ఉంటాది, రోడ్డు పక్క ఆర్కు వెల్డింగు వేడికి కుట్టు పక్కనున్న ఇనుము గుణం మారిపోతాది, కుట్టు గట్టిగానే ఉంటాది, పక్కన పగులుతాది, రెండోసారి పగుళ్ళన్నీ కుట్టు అంచు వెంబడే వస్తాయి. పైగా విరిగిన మెడని కొలత తప్పకుండా పట్టుకునే ఏ జిగ్గులో పెట్టకుండా కంటి అంచనాతో అతికించుంటారు, హ్యాండిల్ వాలు మారితే బండి స్పీడులో ఊగొచ్చు. సైడ్ స్టాండు మొట్ట, సైలెన్సర్ పట్టీ లాంటివి వెల్డింగు చేయించుకోండి, ఎవరూ అడగరు. మెడ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, ఫోర్కు మాత్రం వద్దు.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. ఛాసీ నంబరు చాలా బళ్ళకి ఆ మెడ మీదే కొట్టి ఉంటాది. వెల్డింగు ఆ పక్కనే, పైన కొత్త రంగు. నంబరు అక్షరాలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయా, చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నాయా చూశారా? ఆర్సీలో నంబరుతో అక్షరం అక్షరం కలిపి చూడండి. ఛాసీ నిజంగా మార్చుంటే ఆర్టీవో అనుమతితో ఆర్సీలో ఎక్కించి ఉండాలి, లేకపోతే రేపు చెక్‌పోస్టులో మీరే జవాబు చెప్పాలి, అమ్మినోడు ఫోన్ ఎత్తడు. ఫైనాన్సు తీసేసినట్టు కాగితం, ఏపీ నుంచి ఎన్‌వోసీ, ఇవి లేకుండా మీ మల్కనగిరి ఓడీ 30 నంబరు రాదు.

నడుపుకుంటూ తెచ్చేద్దామనుకుంటున్నారు, అంటే సాలూరు ఘాట్ ఎక్కి, పొట్టంగి, కోరాపుట్, జయపురం మీదుగా. ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేకు పట్టిన ప్రతిసారీ బరువంతా ముందుకొచ్చి పడేది సరిగ్గా ఆ కుట్టు మీదే. అడ్వాన్సు ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి, ఇచ్చేసుంటే బస్సులో వెళ్ళి వెనక్కి అడగండి, బండి మీద మాత్రం రాకండి.